రెండు వైపులా ఒకే నీళ్లు

మా బావ పోయాక కూడా నా దగ్గర నీళ్లు తోడుతూనే ఉన్నాడు.

దుఃఖంలో మతి తప్పి అంటున్న మాట కాదిది. విశాఖలో రుషికొండ దాటాక సముద్రానికి ఎదురుగా మా ప్రయోగశాల ఉంది. అక్కడ ఒంటి వేడికి సమానంగా వెచ్చగా ఉండే ఇంక్యుబేటర్‌లో, అరచేతిలో పట్టే చిన్న గిన్నెలో, ఆయన కిడ్నీ కణాలు బతికే ఉన్నాయి. పైన పోసిన నీళ్లు తాగి కిందికి తోడుతున్నాయి. మనిషి పోయాడన్న సంగతి వాటికి ఎవరు చెబుతారు? నాకైతే నోరు రాలేదు.

బావ పేరు ఢిల్లేశ్వరరావు. మా ఉద్దానంలో ఆ పేరు వీధికొకరికి ఉంటుంది. పలాస డిపోలో కండక్టరు. మా అప్ప, అంటే మా అక్క, దమయంతిని ఆయన పెళ్లి చేసుకునేనాటికి నేనింకా గౌన్లు తొడుక్కునే పిల్లని. అమ్మా నాన్నా అప్పటికే లేరు. దాంతో పెళ్లికూతురితోపాటు నేనూ ఆ ఇంట్లో దిగాను. "టిక్కెట్టు లేని లగేజీ" అని ఆయన నాకు పేరు పెట్టాడు. చదివి, పీహెచ్‌డీ చేసి, డాక్టర్ కూర్మావతిని అయ్యాక కూడా ఫోనెత్తితే "ఏటి లగేజీ, ఏ స్టాపులో ఉన్నావు?" అనేవాడు. వాళ్లకి పిల్లలు కలగలేదు. ఆ లోటు నాకు తెలియనివ్వకుండా నన్నే పిల్లని చేసుకున్నారు.

ఇంట్లోంచి డ్యూటీకి బయల్దేరేటప్పుడు బస్సుకి కొట్టినట్టే తలుపు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టేవాడు. "రైట్ రైట్" అని తనకి తనే చెప్పుకుని మెట్లు దిగేవాడు. తలుపు ఊడిపోద్దని అప్ప వంటింట్లోంచి రోజూ తిట్టేది. ఆ తలుపు ఊడలేదు. ఇప్పటికీ గట్టిగానే ఉంది.

మా వైపు కిడ్నీ జబ్బు కొత్త కాదు. నీళ్లంటారు, ఎండంటారు, పొలాల్లో కొట్టే మందులంటారు. ఇదీ కారణం అని ఎవరూ తేల్చి చెప్పలేదు. అది బావ దాకా వచ్చింది. మొదట కాళ్లు వాచాయి. తర్వాత అన్నం వాసన పడలేదు. ఆ తర్వాత డయాలిసిస్. బస్సులో నాలుగు ఊళ్ల జనాన్ని మాటలతో ఆడించే మనిషి మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

అప్ప మాత్రం కొంగు బిగించింది. ఆసుపత్రిలో పథ్యం చెప్పిన అమ్మాయి పొటాషియం అనేది ఒకటుంటుందని, అది రక్తంలో చేరితే గుండె ఆగుతుందని చెప్పింది. పొటాషియం ఎలా ఉంటుందో అప్పకి తెలియదు. కానీ దాని మీద పగబట్టింది. కొబ్బరినీళ్లు బంద్. జీడిపప్పు బంద్. ఏ కూరైనా సన్నగా తరిగి ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసేది. మళ్లీ నీళ్లు పోసి ఉడకబెట్టి అవీ పారబోసేది. అప్పుడు గాని పోపు పెట్టేది కాదు.

"ఓలమ్మా, తోటకూరని రెండుసార్లు సంపీసినావు కదే. ఇంక దీన్లో ఏటి మిగిలింది?" అనేవాడు బావ.

"నువ్వు మిగుల్తావు. మూసుకుని తిను," అనేది అప్ప.

"సుట్టూ కొబ్బరి తోటలు. నాకేమో ఒక్క బొండాం నీళ్లకి దిక్కు నేదు." నా వైపు తిరిగి కన్నుగీటేవాడు. "లగేజీ, నువ్వు సాక్షి. బాగయ్యాక మొట్టమొదట నాను తాగీది బొండాం. అది మీ అప్పే కొట్టి, మీ అప్పే తన సేత్తో ఇవ్వాల."

"ఇస్తానులే. ముందు మనిషిలా అవ్వు," అంది అప్ప, కంచం తీస్తూ.

*

మా ప్రయోగశాలలో పెద్ద ప్రొఫెసర్ భానోజీరావు గారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మేం తయారుచేస్తున్న మందుకి శాస్త్రీయమైన పేరు బారెడు ఉంది గాని, ఆయన దాన్ని 'కుట్టు' అనేవారు. ఎలకల మీద బాగా పనిచేసింది. మనుషుల మీద మొదటి విడతగా ఐదుగురికి ఇవ్వడానికి అనుమతి వచ్చింది. ఎంపికలో నేను వేలు పెట్టకూడదు, పెట్టలేదు. అయినా ఐదుగురిలో బావ పేరు వచ్చింది. ఆ రోజు నేను ప్రయోగశాల మేడ మీదికెళ్లి ఒక్కదాన్నీ గంతులేశాను.

ముందు ఆయన కిడ్నీలోంచి సూదితో చిటికెడు ముక్క తీసి, ఆ కణాల్ని మా దగ్గర పెంచాం. బావ వాటిని చూస్తానని పట్టుబట్టాడు. మైక్రోస్కోపు ముందు కూచోబెట్టాను.

"ఇదేటే, టైల్స్ పరిసినట్టున్నాయి?"

"అవి నువ్వే బావా. ఇలా పక్కపక్కన నిలబడి గొట్టం గోడ కడతాయి. ఒకదాన్నొకటి ప్రొటీన్లతో కుట్టుకుని ఉంటాయి. నీకు ఆ కుట్లు ఊడిపోయాయి. కిడ్నీ మురికిని వడగడుతోంది గాని, అది బయటికి పోయేలోగా ఈ సందుల్లోంచి మళ్లీ రక్తంలోకి జారిపోతోంది."

"అంటే దించీసిన పేసింజరు ఎనక తలుపులోంచి మళ్లీ ఎక్కీస్తన్నాడు."

"నీకు బస్సు తప్ప ఇంకో లోకం లేదా?"

"మరి నీకు కిడ్నీ తప్ప ఇంకోటుందేటి? పెళ్లీ పెటాకులూ నేకుండా."

భానోజీరావు గారు పకపకా నవ్వారు. నేను ఉడుక్కుంటూ పనిలో పడ్డాను. మా పని చూడ్డానికి చాలా చిన్నది. అడుగున జల్లెడలాంటి పల్చటి పొర ఉన్న గ్లాసు ఒకటి ఉంటుంది. ఆ పొర మీద కణాల్ని గోడలా పెంచి, గ్లాసుని ఇంకో గిన్నెలో నిలబెడతాం. గోడకి ఇటు కొన్ని నీళ్లు, అటు కొన్ని నీళ్లు. కణాల తిండి కలిపిన గులాబీరంగు నీళ్లవి. సీసా ఒకటే ఉంటుంది. దాంట్లోంచి లోపలా పోస్తాం, బయటా పోస్తాం. తర్వాత రెండు కాళ్ల కడ్డీ తీసుకుని ఒక కాలు లోపలి నీళ్లలో, ఒక కాలు బయటి నీళ్లలో పెడతాం. కరెంటు దాటడానికి ఎంత కష్టపడితే గోడ అంత గట్టిది. ఆ కష్టాన్ని మీటరు అంకెగా చూపిస్తుంది.

బావ కణాలకి కుట్టు వేయకముందు అంకె నేలబారుగా ఉంది. కుట్టు వేసిన గ్లాసులో కడ్డీ పెట్టాను. అంకె ఎక్కుతూ ఎక్కుతూ మేం మునుపెన్నడూ చూడని చోటికి వెళ్లి ఆగింది.

"పునుగులు!" అని అరిచారు భానోజీరావు గారు. అది మా ఆచారం. ఎవరి గ్లాసులో అంకె పాత రికార్డు దాటితే వాళ్ల పేరు మీద ఆ సాయంత్రం అందరికీ వేడివేడి పునుగులు. బావ వాటా కూడా నేనే తిన్నాను. ఆయనకి ఉప్పు పనికిరాదు. పొట్లం వాసన చూసి "అదృష్టవంతురాలివే" అన్నాడు.

*

కుట్టు ఇంజెక్షన్లు మొదలయ్యాక కొన్నాళ్లకి బావ ఒంట్లో నీరు తీసింది. రక్తంలో మురికి తగ్గింది. డయాలిసిస్ మధ్య ఎడం పెరుగుతూ పోయి, ఒకరోజు డాక్టర్లు ఇంక అక్కర్లేదన్నారు. అప్ప ఫోన్లో మాట్లాడలేక ఏడ్చింది. ఆ రోజు మా ప్రయోగశాలలో ఏడవనివాళ్లు లేరు. భానోజీరావు గారు కళ్లజోడు తుడుచుకోవడానికని బయటికి వెళ్లి, చాలాసేపు సముద్రంకేసి చూస్తూ నిలబడ్డారు.

"అన్నీ ఒకేసారి మార్చొద్దు," అని ఆయన బావకి చెప్పారు. "డ్యూటీకి వెళ్లండి, కాస్త తిరగండి. పథ్యం మాత్రం ఇప్పుడే వదలకండి. ఇంకొన్నాళ్లు చూద్దాం."

సబబైన మాటే. నేనూ తలూపాను.

"బొండాం?" అన్నాడు బావ.

"అదీ ఇంకొన్నాళ్లు ఆగితే."

"ఇన్నాళ్లాగినోడ్ని, ఆగుతానులెండి."

అప్ప ఆ మాటని గుళ్లో చెప్పిన మాటలా పాటించింది. ఉడకబెట్టి పారబోయడం, మళ్లీ ఉడకబెట్టి పారబోయడం. భర్తని తిరిగిచ్చింది మందొక్కటే కాదు, తన పథ్యం కూడా అని ఆమె నమ్మకం. నేనూ కాదనలేదు.

బావ మళ్లీ బస్సెక్కాడు. సోంపేట రోడ్డులో పాత పాసింజర్లు ఆయనకి బంతిపూల దండ వేశారట. ఫోటో పంపాడు. దండలో ఖాకీ చొక్కా, చంకలో టిక్కెట్ల మిషను, మొహమంతా పళ్లు. నేను దాన్ని నా బల్ల ముందు అంటించుకున్నాను.

ఓసారి ఫోన్ చేశాడు. "ఒలే లగేజీ, రెండ్రోజుల నుంచీ నా కుడికన్ను ఒకటే అదురుతుందే."

"మగాళ్లకి కుడికన్ను మంచిదే కదా బావా. ప్రమోషనొస్తుందేమో."

"కండక్టరుకి ప్రమోషనేటి, డ్రైవరు సీటా?" అని నవ్వాడు. వెనకనుంచి అప్ప గొంతు వినిపించింది. "దానికి సంబంధం కుదురుద్ది. అందుకే అదురుతుంది. మొక్కుకున్నాను నాను."

ముగ్గురం నవ్వుకున్నాం. ఇంత చదువు చదివిన నేను, కండరం ఎందుకు అదురుతుందో పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న నేను, ఆ మాట విని నవ్వి ఫోన్ పెట్టేశాను. మా ఇంట్లో కుడికన్ను అదిరితే ఎవరూ డాక్టర్ దగ్గరికి వెళ్లరు. దేవుడికి దండం పెట్టుకుంటారు.

తర్వాత పిక్కలు పట్టేస్తున్నాయన్నాడు. చాన్నాళ్లకి నిలబడి డ్యూటీ చేస్తున్నాడు కదా అనుకున్నాం. విశాఖ వచ్చినప్పుడల్లా రక్తపరీక్ష చేయించాం. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. భానోజీరావు గారు ఆ కాగితాలు చూసి చూసి మురిసిపోయేవారు. కిడ్నీలో కుట్లు చెక్కుచెదరలేదు. గోడ గట్టిగా ఉంది.

*

సోంపేట వెళ్లే బస్సులో, వెనక సీటువాళ్లకి టిక్కెట్టు ఇస్తూ బావ కూలిపోయాడు.

డ్రైవరు ఏ స్టాపులోనూ ఆపకుండా బస్సుని నేరుగా ఆసుపత్రికి పోనిచ్చాడు. పాసింజర్లు ఆయన్ని చేతుల మీద దించారు. వాళ్లలో ఒకావిడ నాతో చెప్పింది, చివరగా ఆయన "లగేజీ... లగేజీ జాగ్రత్త" అన్నాడని. దిగే జనంతో ఆయన రోజూ చెప్పే మాటే అది. ఆవిడ తన మూటల గురించి అనుకుంది. నేను ఏమనుకున్నానో ఆవిడకి చెప్పలేదు.

గుండె లయ తప్పి ఆగిపోయిందన్నారు డాక్టర్లు. భానోజీరావు గారు ఊరికి వచ్చారు. నా భుజం మీద చెయ్యి వేసి, "ఇన్నేళ్లు కిడ్నీ జబ్బుతో నలిగిన గుండెమ్మా. ఇలా జరుగుతుంటుంది. కుట్టుకీ దీనికీ సంబంధం ఉండదనే నా నమ్మకం," అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే అలా నమ్మారు. నాకూ నమ్మాలనే ఉంది.

అప్ప గోడకి చేరగిలబడి కూచుంది. ఓదార్చేవాళ్లు వస్తున్నారు, పోతున్నారు. ఎవరు ఎదురుగా కూచున్నా ఒకటే మాట.

"పొద్దున్న కూడా అదిరింది కన్ను. కుడిదే. మంచి జరుగుద్ది, ఎల్లు అన్నాను. నానే ఎల్లమన్నాను."

ఆ మాట నాలుగోసారో ఐదోసారో విన్నప్పుడు మూడు సంగతులు పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి. కన్ను అదరడం. పిక్కలు పట్టడం. గుండె లయ తప్పడం. మూడూ కండరాలే. మూడింటినీ అదుపులో పెట్టే లవణం ఒకటుంది, మెగ్నీషియం. కిడ్నీ దాన్ని మూత్రంలోకి పోనివ్వకుండా గొట్టంలోంచి మళ్లీ రక్తంలోకి లాక్కుంటుంది. ఏ దారిన లాక్కుంటుంది?

సందుల్లోంచి. కణానికీ కణానికీ మధ్య ఉన్న సందుల్లోంచి.

నేను ఎవరికీ చెప్పకుండా లేచి విశాఖ బస్సెక్కాను. ఊళ్లో అందరూ ఏమనుకున్నారో తెలియదు. శవం కాలిన మర్నాడే చెల్లెలు వెళ్లిపోయింది, అనుకునే ఉంటారు.

*

బావ కణాలు ఇంక్యుబేటర్‌లో అలాగే ఉన్నాయి. కుట్టు వేసిన గ్లాసుని బయటికి తీశాను. ఎప్పుడూ పోసే సీసా జోలికి వెళ్లలేదు. లోపల మెగ్నీషియం ఉన్న నీళ్లు, బయట మెగ్నీషియం లేని నీళ్లు పోశాను. గోడ దాన్ని దాటనిస్తుందో లేదో తెలియాలంటే రెండు వైపులా వేరువేరు నీళ్లుండాలి. ఇంత చిన్న సంగతి.

ఇన్నేళ్లూ మేం రెండు వైపులా ఒకే నీళ్లు పోశాం. ఒకే సీసా, ఒకే చేయి, ఒకే అలవాటు. ఇటూ అటూ సమానంగా ఉన్నప్పుడు ఏది దాటుతోందో, ఏది ఆగిపోయిందో ఎలా కనిపిస్తుంది? మీటరు కడ్డీకి గోడ గట్టిదనం ఒక్కటే తెలుసు. మాకూ అదొక్కటే కావలసివచ్చింది.

కుట్టు వేయని గ్లాసులో మెగ్నీషియం కొంచెం కొంచెంగా అటు దాటింది. కుట్టు వేసిన గ్లాసులో బయటి నీళ్లు చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి. ఒక్క రేణువు దాటలేదు. మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

భానోజీరావు గారిని పిలిచాను. ఆయన అంకెలు చూశారు. మళ్లీ మొదటినుంచీ చూశారు.

"ఎలకలు బాగున్నాయి కదమ్మా," అన్నారు, చిన్న గొంతుతో.

"ఎలకల మేతలో మెగ్నీషియం దండిగా ఉంటుంది సార్. ఎంత పోయినా తిండిలోంచి వచ్చేసేది."

"రక్తంలో చూశాం కదా. బాగానే ఉంది కదా."

"ఎముకల్లోంచి, కండల్లోంచి తెచ్చి రక్తంలో సర్దుతూ వచ్చింది సార్ ఒళ్లు. అక్కడా అయిపోయేదాకా మనకి తెలియనివ్వలేదు."

కిడ్నీ గొట్టం అంతా ఒకేలా ఉండదు. ఒకచోట కుట్లు బిగువుగా ఉంటాయి, ఒకచోట వదులుగా ఉంటాయి. ఆ వదులుని మేం చిరుగు అనుకున్నాం. అది దారి. చిరుగులతోపాటు ఆ దారిని కూడా కుట్టేసి, అంకె పెరిగిందని పునుగులు తిన్నాం.

ఆ మధ్యాహ్నమే మిగతా నలుగురికీ కబురు వెళ్లింది. ఆసుపత్రిలో చేర్చి మెగ్నీషియం ఎక్కించారు. వాళ్లలో ఇద్దరికి అప్పటికే చేతులు వణుకుతున్నాయి. నలుగురూ బతికారు. మందు ఇవ్వడం ఆపేశాం. ఆ దారి వదిలిపెట్టి కుట్టే కొత్త కుట్టు కోసం పని మొదలైంది. ఈ వార్త విని నేను సంతోషించాలి. సంతోషించాను కూడా, కాదనను. ఆ సంతోషంతోనే బాత్రూంలోకి వెళ్లి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

*

పెద్దకార్యం అయ్యాక అప్ప విశాఖ వచ్చింది. చేతిలో బట్టసంచీ, దాంట్లో ఏదో బరువు.

"మీ సారు ఫోన్ సేసినారు. మీ బావ కణాలు ఇంకా ఉన్నాయట కదా, వాటినేటి సేయాలో నన్ను సెప్పమన్నారు. నాకు తెలీదే. ముందు సూపించు."

కొత్త కుట్టుని పరీక్షించడానికి మిగతా నలుగురి కణాలు చాలని, ఢిల్లేశ్వరరావు గిన్నె మీద హక్కు ఆవిడదేనని భానోజీరావు గారు అప్పటికే నాకు చెప్పారు. అప్పకి తెల్లకోటు తొడిగి లోపలికి తీసుకెళ్లాను. కోటు ఆమెకి మోకాళ్ల కిందికి వచ్చింది. మైక్రోస్కోపు ముందు, బావ కూచున్న కుర్చీలోనే కూచోబెట్టి, కటకం కింద గిన్నె పెట్టాను.

చాలాసేపు చూసింది. "ఈ బుడగలేటి?"

"నీళ్లు తోడుతున్నాయప్పా. పైన తాగి కిందికి పంపుతాయి. కింద నీరు చేరినచోట అలా ఉబ్బుతుంది."

"ఇంకా పని సేస్తన్నాడా?"

"ఊఁ."

"డ్యూటీ ఎగ్గొట్టడు కదా ఎప్పుడూ," అంది కళ్లు తీయకుండా. తర్వాత నా వైపు తిరిగింది. "ఎందుకు పోనాడు?"

గుండె ఆగిపోయింది అందామనుకున్నాను. అది అబద్ధం కూడా కాదు. ఆమె వస్తోందని తెలిసినప్పటినుంచీ ఆ ఒక్క మాటే చెప్పాలని నాకు నేను నూరిపోసుకున్నాను.

"కిందకి సూడకు. సిన్నప్పుడు బడిలో సెప్పులు పారీసుకున్నా ఇలాగే కిందకి సూసీదానివి. సెప్పు."

చెప్పాను. గోడ, కుట్టు, సందు, రెండు వైపులా పోసిన నీళ్లు, అన్నీ చెప్పాను. ఒక్కటి మాత్రం దాచాను. అప్ప అన్నీ విని, కాసేపు కోటు గుండీ తిప్పుతూ కూచుంది.

"ఆ మెగ్నీషియం అన్నావే. తిండిలో దేన్లో ఉంటాది?"

అదే నేను దాచింది.

"తోటకూరలో ఉంటాదా?"

"ఊఁ."

"జీడిపప్పులో?"

తలూపాను.

"కొబ్బరినీళ్లలో?"

"ఉంటుందప్పా."

"నాను ఉడకబెట్టి పారబోసిన నీళ్లలో?"

"అప్పా, పథ్యం మానొద్దన్నది మేం. పొటాషియం వద్దన్నది డాక్టర్లు. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశావు. నీ తప్పు లేదు."

"తప్పు ఎవుల్దని అడగలేదే. ఉందా, నేదా అని అడుగుతన్నాను."

"ఉంది."

అప్ప ఏడ్చింది. అంత్యక్రియలప్పుడు కూడా అలా ఏడవలేదు. వంటింట్లో రోజూ చేసిన పని ఆమె రెండు చేతుల్లోకీ వచ్చి కూచుంది. ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని, పరాయివాళ్ల చేతుల్ని చూసినట్టు చూసుకుంటూ ఏడ్చింది. నేను కింద కూచుని ఆ చేతులు పట్టుకున్నాను. చెప్పకుండా ఉండాల్సింది. చెప్పకపోతే ఎప్పటికీ ఆమె మొహం చూడలేకపోయేదాన్ని. రెండూ నిజమే, ఈ రోజుకీ రెండూ నిజమే.

ఏడుపు తెరిపినిచ్చాక మొహం తుడుచుకుని సంచీ విప్పింది. లోపల బొండాం. బస్టాండు దగ్గర చెక్కించి తెచ్చింది. పైన పల్చటి పొర ఒక్కటే మిగిలింది, వేలితో పొడిస్తే తెగేంత.

"నీ కోసం తేలేదు," అంది. "దీన్లో ఓ సుక్క ఆ గిన్నెలో పొయ్యొచ్చా?"

మా గదిలోకి బయటి నీటి బొట్టు రానివ్వం. గాలిని కూడా వడగట్టి పంపుతాం. అదంతా అప్పకి చెప్పలేదు.

"పోస్తే ఏటవుద్ది?" అని ఆమే అడిగింది.

"ఇందులో కంటికి కనపడని క్రిములుంటాయి. అవి పెరిగి, రేపో ఎల్లుండో కణాలు చచ్చిపోతాయి."

"పొయ్యకపోతే?"

"ఇంకొన్నాళ్లు ఉంటాయి. తర్వాత ముసలివై అవే పోతాయి."

అప్ప గిన్నెకేసి చూసింది. "ముందు తాగుతాడా?"

"తాగుతాడప్పా."

"అయితే పొయ్యి."

"నువ్వే పొయ్యి. నీ చేత్తోనే ఇవ్వాలన్నాడు కదా."

బొండాం పొర వేలితో పొడిచింది. పిప్పెట్ గొట్టంలోకి నీళ్లు ఎలా పీల్చాలో చూపించాను. మొదటిసారి గాలి వచ్చింది, రెండోసారి కొబ్బరినీళ్లు వచ్చాయి. గిన్నె నేను పట్టుకున్నాను, ఆమె పోసింది. చుక్కలు పడినచోట గులాబీరంగు తేలికపడింది. గిన్నెని మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టి, ఆమె చూస్తూ ఉంటే పక్కన నిలబడ్డాను. ఏం కనిపించిందో నేను అడగలేదు.

చివరికి లేచింది. గిన్నెని తనే రెండు చేతులతో ఇంక్యుబేటర్‌లో పెట్టి తలుపు మూసింది. దాని మీద అరచేత్తో రెండుసార్లు కొట్టింది.

"రైట్," అంది. మళ్లీ అంది, "రైట్."